ఇరవై నాలుగు అందుబాటు టికెట్లు

కొత్తరేవు కాలేజీలో ఆడపిల్లల బాస్కెట్‌బాల్ మ్యాచ్ చూడాలంటే మొన్న మొన్నటిదాకా కావలసింది రెండు కాళ్ళు, ఒక గంట తీరిక. గేటు దగ్గర ఎవరని అడిగేవాడు లేడు, లోపల కూర్చోమనేవాడూ లేడు. రెండు వందలమంది పట్టే సిమెంటు మెట్ల గ్యాలరీలో మ్యాచ్ రోజున కనబడే ప్రాణులు మూడు: వ్యాయామం నేర్పే డానియేలు మాస్టారు, గేటు బయట ఇడ్లీబండి నడుపుకునే గంగారత్నం, ఒక కుక్క. కుక్క సగం ఆట దాకా కూడా ఉండేది కాదు.

ఆ జట్టుకి కెప్టెను ఉత్పల. అదే కాలేజీలో కామర్స్ లెక్చరర్ భుజంగరావు కన్నకూతురు. మూడేళ్ళుగా ఆడుతోంది. ఆ మూడేళ్ళలో భుజంగరావు చూసిన మ్యాచ్‌లు సున్నా. కూతురి మీద ప్రేమ లేక కాదు, బోలెడంత ఉంది. "నాన్నా, రేపు నాలుగింటికి మ్యాచ్, వస్తావా?" అని అడిగిన ప్రతిసారీ, "ఎక్కడికి పోతుందమ్మా, మన కాలేజీలోదేగా, ఇంకోసారి చూస్తాలే" అనేవాడు. ఆ నాన్నే, ఎవరో దూరపు చుట్టం కొడుక్కి సన్మానమని అచ్చేసిన ఆహ్వానపత్రం వస్తే, సెలవు పెట్టి, రెండు బస్సులు మారి, వర్షంలో తడుచుకుంటూ కాకినాడ వెళ్ళొచ్చాడు. పిలుపు వస్తేగానీ వెళ్ళకూడని చోటికి ఎంత దూరమైనా వెళతాడు. ఊరికే దొరికేదానికి తొందరేముంది? ఈ జబ్బు భుజంగరావు ఒక్కడిదే అనుకుంటే మనల్ని మనం మోసం చేసుకున్నట్టే.

ఇలా ఉండగా ప్రిన్సిపాల్ త్రివిక్రమంగారు విద్యాసంస్థల నిర్వహణ మీద మూడురోజుల సదస్సుకి వెళ్ళొచ్చారు. సదస్సుకి వెళ్ళినప్పుడల్లా ఆయన ఒక ఆలోచన వెంటబెట్టుకుని వస్తారు. కిందటేడు తెచ్చిన ఆలోచన వల్ల ఇప్పటికీ కాలేజీలో ప్రతి చెట్టుకీ ఒక హాజరుపట్టీ ఉంది. ఈసారి వచ్చిన మర్నాడే స్టాఫ్ మీటింగు పెట్టారు.

"మిత్రులారా" అన్నారు కళ్ళజోడు సవరించుకుని. "పశ్చిమ దేశములలో కళాశాల విద్యార్థులు ఆడు ఫుట్‌బాల్, బాస్కెట్‌బాల్ క్రీడలను తిలకించుటకు ప్రజలు ఆరు నెలల ముందుగానే టికెట్లు కొనుచున్నారు. తమకు అందుబాటు ధరలో టికెట్టు ఎక్కడ దొరుకునా అని రేయింబవళ్ళు వెతుకుచున్నారు. మన వద్ద ఉచితం. ఉచితం కనుక ఎవరూ రారు. కాబట్టి సమస్య యొక్క మూలము ఉచితములో ఉన్నది."

డానియేలు మాస్టారు లేచి నిలబడ్డాడు. "సార్, గ్యాలరీకి నీడ లేదండి. ఒక రేకుల షెడ్డూ, తాగడానికి ఒక కుళాయీ పెట్టిస్తే..."

"ఆ అంశము ఎజెండాలో లేదు" అన్నారు ప్రిన్సిపాల్‌గారు. మాస్టారు కూర్చున్నాడు. ఆయన లేవడం, కూర్చోవడం కాలేజీలో అందరికీ అలవాటే.

ఫిబ్రవరి రెండో శనివారం జోనల్ ఫుట్‌బాల్ ఫైనల్, ఆడపిల్లల బాస్కెట్‌బాల్ ఫైనల్, రెండూ మన కాలేజీలోనే. రెంటికీ టికెట్టు పెట్టాలని తీర్మానించారు. టికెట్టు రెండు వందల రూపాయలు. మరి సామాన్యుడి మాటేమిటని ఎవరో గొణిగితే, గ్యాలరీలో సగం అతనికి కేటాయించి 'సామాన్య ప్రేక్షక అందుబాటు టికెట్ పథకం' అని పేరు పెట్టారు. దాని ధర ఇరవై రూపాయలు. పథకానికి కన్వీనర్ ఎవరన్న ప్రశ్న రాగానే అందరూ నేల చూపులు చూశారు. భుజంగరావు ఒక్కడే తలెత్తి ఉన్నాడు, ఫ్యాను ఎందుకు తిరగడం లేదా అని. ఆయన్నే వేశారు.

పనిలో పడ్డాక మాత్రం భుజంగరావుకి తెగ హుషారు వచ్చింది. రెండు రాత్రులు కూర్చుని పధ్నాలుగు నిబంధనలు రాశాడు. నాలుగో నిబంధన ఆయనకి మరీ ముద్దు. భోజనం దగ్గర పైకి చదివి వినిపించాడు కూడా: "పాసు గాని, టికెట్టు గాని లేని ఏ వ్యక్తినీ ఏ కారణము చేతనైనను లోనికి అనుమతించరాదు."

భార్య శేషుకుమారి పెద్దాసుపత్రిలో స్టాఫ్ నర్సు. పప్పు వడ్డిస్తూ అంది: "బానే ఉందిగానీ, శనివారం నాకు మధ్యాహ్నం డ్యూటీ. మార్చడం కుదర్లేదు. దీనికి ఇదే ఆఖరి మ్యాచ్, వచ్చే నెల పరీక్షలు, తర్వాత ఎక్కడ ఆడుతుందో ఏమో. మీరైనా వెళ్ళి కళ్ళారా చూసి రండి. ఎలా ఆడిందో వచ్చి నాకు చెప్పాలి. మళ్ళీ ఇంకోసారి అన్నారంటే నేనూరుకోను."

"నేను కన్వీనర్ని. నేను లేకుండా ఎలా జరుగుతుంది?" అన్నాడు భుజంగరావు. ఉత్పల తలొంచుకుని అన్నం తింటోంది.

సోమవారం పొద్దున్న కాలేజీ గేటు బయట బల్ల వేసి, దాని మీద వంద అందుబాటు టికెట్లు పెట్టుకుని, పక్కన బోర్డు నిలబెట్టి కూర్చున్నాడు. పదింటికల్లా ఊళ్ళో వార్త పొక్కింది, మ్యాచ్‌కి టికెట్టట, రెండు వందలట అని. అంతే. మూడేళ్ళుగా ఆ కోర్టు ఎక్కడుందో ఎరగని ఊరికి ఒక్క దెబ్బతో మ్యాచ్ గుర్తొచ్చింది. జనం వచ్చారు, తండోపతండాలుగా వచ్చారు. టికెట్టు కోసం కాదు, పాసు కోసం.

ఈ పాసు సంగతి మన ఊరివాడికి చెప్పక్కర్లేదు, పై ఊరివాళ్ళ కోసం చెప్పాలి. మా దగ్గర టికెట్టు కొనుక్కున్నాడంటే వాడికి ఎవరూ తెలియదని అర్థం. పాసు తెచ్చుకున్నాడంటే వాడికి పై నుంచి కింది దాకా అందరూ తెలుసని అర్థం. లోపల ఆడేది ఏ ఆటన్నది ఎవరికీ అవసరం లేదు. పాసు జేబులో ఉండాలి, చొక్కా గుడ్డ పల్చగా ఉండాలి, బయటికి కనబడాలి.

"మాస్టారూ, పాసులు తవరే చూత్తన్నారంటగా?" అన్నాడు బంగారం కొట్టు యజమాని, స్కూటరు దిగకుండానే.

"పాసులు ఆఫీసులోనండి. ఇక్కడ టికెట్లు. ఇరవై రూపాయలే, అందుబాటు ధర."

ఆయన మొహం మాడిపోయింది. "నన్ను చూత్తే ఇరవై రూపాయల మనిషిలా కనబడతన్నానేటండీ?" అని స్కూటరు తిప్పుకుని నేరుగా ప్రిన్సిపాల్ గది ముందు ఆగాడు.

సాయంత్రం దాకా ఇదే వరస. చీకటి పడబోతుంటే గంగారత్నం ఇడ్లీబండి వదిలి చేతులు తుడుచుకుంటూ వచ్చింది.

"ఇన్నాళ్ళూ ఊరికే చూసేదాన్ని కదండీ బాబుగారూ, ఇప్పుడు ఇరవై ఎందుకండీ?"

"సామాన్యులకి అందుబాటులోకి తెచ్చాం, గంగారత్నం."

"అలాగాండీ" అని ఆవిడ కాసేపు బోర్డు కేసి చూసింది. తర్వాత ఇరవై కాగితం బల్ల మీద పెట్టింది. "ఇవ్వండి. పిల్లది ఫైనలాడతంటే ఎల్లకపోతే బాగోదు. మూడేళ్ళ నించీ నా ఇడ్లీ తిని ఆడతందండి మరి."

ఒకటో నంబరు టికెట్టు చించి ఇస్తుంటే భుజంగరావుకి లోపల ఎక్కడో కలుక్కుమంది. రెండో నంబరు తనే తీసుకోవచ్చు. జేబులో ఇరవై రూపాయలున్నాయి, చేతిలో టికెట్ల పుస్తకం ఉంది, అడ్డుపడేవాడు లేడు. చెయ్యి పుస్తకం దాకా వెళ్ళింది కూడా. అంతలో ఫోన్ మోగింది. కరెంటాఫీసులో పనిచేసే బావమరిది వీరభద్రం.

"బావా, మా ఆఫీసుకి పాసులిచ్చారు. నాకు రెండొచ్చాయి. ఇంతకీ ఈ బాస్కెట్‌బాల్ అనేది చేత్తో ఆడేదా, కాలితోనా? సర్లే, ఏదైతే ఏం. నీకు ఏ రకం పాసొచ్చింది?"

భుజంగరావు గొంతు సవరించుకున్నాడు. ఆయనకి ఏ రకమూ రాలేదు. స్టాఫ్‌కి పాసులు లేవు, డ్యూటీ బాడ్జీలు మాత్రమే. ఎవరి డ్యూటీ ఎక్కడో వాళ్ళు అక్కడే ఉండాలి. భుజంగరావు డ్యూటీ గేటు బయట బల్ల దగ్గర. "వస్తుంది, ఇంకా రాస్తున్నారు" అన్నాడు. ఫోన్ పెట్టేశాక టికెట్ల పుస్తకం డ్రాయరులో పడేసి తాళం వేశాడు. కెప్టెన్ తండ్రి, పైగా కన్వీనరు, ఇరవై రూపాయల టికెట్టుతో మెట్ల మీద కూర్చుని, సోఫాలో వీరభద్రానికి నమస్కారం పెట్టాలా? ఛీ, అంతకంటే చూడకపోవడం నయం అనుకున్నాడు. నిజంగానే అనుకున్నాడు, ఆ మహానుభావుడు.

బుధవారానికి పాసులు మూడు వందల నలభై అయ్యాయి. గ్యాలరీలో చోటు రెండు వందలు. అత్యవసర సమావేశం జరిగింది.

"ఆహ్వానితులను మూడు తరగతులుగా విభజించవలసి ఉన్నది" అన్నారు త్రివిక్రమంగారు. "గౌరవ, విశేష గౌరవ, అతి విశేష గౌరవ. మూడవ తరగతి వారికి సోఫాలు. సోఫాలు మెట్ల మీద నిలువవు. కావున కోర్టు అంచున వేయవలెను."

"అంచు చాలదండి" అన్నాడు డానియేలు మాస్టారు.

"అంచును లోపలికి జరుపవలెను."

సోఫాలకి ఎండ తగలకుండా షామియానా కావాలి. షామియానాకి గుంజ కావాలి. ఆ గుంజ సరిగ్గా ఒక బుట్టకి పది అడుగుల దూరంలో, కోర్టు లోపలే పాతవలసి వచ్చింది. మాస్టారు రెండు చేతులూ జోడించాడు. "సార్, పిల్లలు దాన్ని గుద్దుకుంటారండి. ఆటెలా ఆడతారండి?"

"ఆట ముఖ్యమా, ఆహ్వానితులు ముఖ్యమా అను ప్రశ్న ఇక్కడ ఉత్పన్నము కాదు. గుంజ ఇరు జట్లకూ సమానముగా అడ్డు వచ్చును. కనుక పక్షపాతము లేదు."

అతిథుల కార్లు నిలపడానికి ఫుట్‌బాల్ మైదానం తీసుకున్నారు. మరి ఫుట్‌బాల్ ఫైనల్? బొమ్మా బొరుసూ వేసి తేల్చమన్నారు. ఎలాగూ చివరికి ఒకరు గెలిచి ఒకరు ఓడవలసినదే గనుక తొంభై నిమిషాలు ఆదా అయినట్టు మినిట్స్‌లో రాసుకున్నారు. శనివారం బొరుసు పడిన జట్టు కప్పు పుచ్చుకుని మధ్యాహ్నం బస్సుకే వెళ్ళిపోయింది.

రెండు వందల రూపాయల టికెట్టు ఒక్కటీ అమ్ముడుపోలేదు గనుక దాన్ని రద్దు చేసి, ఆ మెట్లు పాసులకి ఇచ్చేశారు. ఇంకా చాలలేదు. అందుబాటు టికెట్లు వంద నుంచి అరవైకి తగ్గించారు. తగ్గిస్తే సామాన్యుడికి అన్యాయం జరుగుతుందని భుజంగరావు భయం భయంగా అన్నాడు. ప్రిన్సిపాల్‌గారు వెంటనే ధర కూడా పది రూపాయలకి తగ్గించి, "ఇప్పుడు రెట్టింపు అందుబాటు" అన్నారు. గురువారం నలభైకి దించి ధర ఐదు రూపాయలు చేశారు. శుక్రవారం ఇరవై నాలుగు మిగిలాయి, నీళ్ళ ట్యాంకు వెనక పై మెట్టు మీద. ధర ఒక్క రూపాయి. ఇంత చవక టికెట్టు చుట్టుపక్కల ఏ జిల్లాలోనూ లేదని పై అధికారులకి నివేదిక వెళ్ళింది, కింద భుజంగరావు సంతకంతో. ఆ ఇరవై నాలుగులోనూ ఒకటి గంగారత్నం దగ్గరుంది. వెనక్కి తీసుకోవడానికి నిబంధన లేదు.

ఇంత జరుగుతున్నా భుజంగరావు మనసంతా పాసు మీదే. ప్రిన్సిపాల్‌ని అడిగాడు, స్టాఫ్‌కి లేదన్నారు. మునిసిపాలిటీలో తెలిసినవాణ్ణి అడిగాడు, తన వాటా తన తోడల్లుడికే చాల్లేదన్నాడు. చివరికి శుక్రవారం సాయంత్రం, అభిమానం చంపుకుని, వీరభద్రం దగ్గరికే వెళ్ళాడు. తమ కాలేజీలో, తన కూతురి ఆట చూడటానికి, కరెంటాఫీసు గుమస్తా సిఫారసు. వీరభద్రం ఓ గంట కూర్చోబెట్టి, టీ ఇప్పించి, ఎవరికో ఫోన్ చేసి, బంగారు అంచున్న అట్టముక్క చేతిలో పెట్టాడు. 'అతి విశేష గౌరవ ఆహ్వానితులు శ్రీ భుజంగరావు గారు.' పేరు చూసుకోగానే ఈ నాలుగు రోజుల అవమానమూ ఎగిరిపోయింది. తన బల్ల దగ్గర అటెండర్ని కూర్చోబెట్టే ఏర్పాటు చేసుకున్నాడు. ఆ రాత్రి పాసు దిండు కింద పెట్టుకోలేదని మాత్రం ఖచ్చితంగా చెప్పగలను. బీరువాలో పెట్టాడు.

శనివారం మూడింటికి రెండు జట్లూ గేటు దగ్గరికి వచ్చాయి. వాచ్‌మన్ సూరన్న కర్ర అడ్డం పెట్టాడు.

"పాసులండి."

"మేం ఆడేవాళ్ళం సూరన్నా" అంది ఉత్పల.

"తెలుసమ్మా. పాసు గానీ టికెట్టు గానీ లేందే ఏ కారణం సేతా వదలొద్దని రాసున్నాది. మీ నాన్నగారే రాసేరు."

భుజంగరావు పరుగున వచ్చి జాబితా తీశాడు. పాసుల్లో మూడు తరగతులు, బాడ్జీల్లో స్టాఫూ, రిఫరీలూ, షామియానావాళ్ళూ, మైకువాళ్ళూ, టీలు అందించేవాళ్ళూ అందరూ ఉన్నారు. ఆటగాళ్ళు లేరు. పధ్నాలుగు నిబంధనలు తిరగేశాడు, మరగేశాడు. ఎక్కడా లేరు. చెమటలు పట్టి ప్రిన్సిపాల్ గదికి పరిగెత్తాడు.

"బాడ్జీలు ఇద్దామండి, డ్యూటీ కింద."

"ఆట డ్యూటీ కిందికి రాదు. ఆట ఆటయే" అన్నారు త్రివిక్రమంగారు, శాలువాలు లెక్కపెట్టుకుంటూ. "నిబంధన సవరించుటకు కోరం కావలెను. సభ్యులు ముఖ్య అతిథిని ఎదుర్కొనుటకు వెళ్ళిరి. మీ పథకము ఉన్నది గదా? టికెట్టు కొని లోనికి రమ్మనుడు. ఒక్క రూపాయియే."

జట్టుకి పన్నెండు మంది. రెండు జట్లకీ ఇరవై నలుగురు. డ్రాయరులో ఇరవై మూడు టికెట్లు. ఎదుటి జట్టువాళ్ళు అతిథులు గనుక ముందు వాళ్ళకి పన్నెండూ ఇచ్చారు. మిగిలిన పదకొండూ ఉత్పల తనే తీసుకుని తన జట్టు పిల్లలకి ఒక్కొక్కటీ పంచింది. ఆఖరికి తన చెయ్యి ఖాళీ. తండ్రి కేసి చూసింది.

భుజంగరావు చెయ్యి చొక్కా జేబు మీదికి వెళ్ళింది. జేబులో బంగారు అంచు తగిలింది. అక్కడే ఆగిపోయింది. ఎంతసేపు? రెండు క్షణాలు, మూడు క్షణాలు. అది ఎక్కువసేపు కాదు, కానీ కూతురు చూడటానికి చాలు. తర్వాత తీసి చాచాడు. "ఇదిగో అమ్మా, ఇది..."

"అది సోఫా పాసండి" అన్నాడు డానియేలు మాస్టారు నీరసంగా. "సోఫావాళ్ళు కోర్టులో కాలు పెట్టకూడదు. పదకొండో నిబంధన. తమరిదేనండి."

గంగారత్నం ఈ తతంగమంతా బండి దగ్గర్నించి చూస్తోంది. వచ్చి, మడత పెట్టిన ఒకటో నంబరు టికెట్టు ఉత్పల చేతిలో పెట్టింది. "నువ్వెల్లమ్మా. ఆడేవోళ్ళు బయటుండి నాను లోపలుంటే ఏం సూడాలి?"

"మరి నువ్వు?"

"నా సంగతి నాను సూసుకుంటాలే. ఎల్లు."

ఉత్పల లోపలికి వెళ్ళింది. వెనక్కి తిరిగి చూడలేదు. భుజంగరావుకి ఒళ్ళంతా సిగ్గుతో కాలిపోయింది. ఆ సిగ్గుతోనే వెళ్ళి తన సోఫాలో కూర్చున్నాడు, పాసు ఉంది గదా మరి.

ముఖ్య అతిథి మూడున్నరకి వచ్చారు. జ్యోతి వెలిగించారు. శాలువాలు కప్పారు. గౌరవ, విశేష గౌరవ, అతి విశేష గౌరవ ఆహ్వానితులు ఒక్కొక్కరే వెళ్ళి ఫోటో దిగారు. 'క్రీడలు, మానసిక వికాసము' మీద ముఖ్య అతిథి ముప్పావుగంట మాట్లాడారు. ఐదింబావుకి విజిల్ మోగింది. పిల్లలు గుంజ చుట్టూ పరుగులు మొదలెట్టారు. భుజంగరావు ముందుకి వంగాడు. ఏడో నంబరు జెర్సీలో ఉత్పల. ఇన్నాళ్ళకి, నా తల్లీ, అనుకున్నాడు.

నాలుగు నిమిషాలయ్యాయో లేదో ముఖ్య అతిథి వాచీ చూసుకుని లేచారు. ఆయన లేవగానే ముందు వరస లేచింది. ముందు వరస లేచాక వెనక వరస కూర్చోవడం మర్యాద కాదు గనుక అదీ లేచింది. ఆ తర్వాత గ్యాలరీ మొత్తం లేచింది. మూడు వందల నలభై మందీ ఆయన వెనకే నడిచారు. "కన్వీనర్‌గారూ, సాగనంపవలెను" అని ప్రిన్సిపాల్‌గారు భుజం తట్టారు. భుజంగరావు ఒక కన్ను కోర్టు మీద వేసి, వెనక్కి వెనక్కి నడుస్తూ, అందరితో కలిసి గేటు దాటాడు. ఒక్కొక్కరూ నమస్కారాలు పెట్టాక, ముప్పావుగంటకి కారు కదిలింది. అందరూ చేతులూపారు. తర్వాత పకోడీల పళ్ళేల దగ్గర మూగారు. లోపలికి వెళదామన్న ఆలోచన ఒక్కరికీ రాలేదు. వాళ్ళకి కావలసింది అయిపోయింది.

"దివ్యముగా జరిగినది" అన్నారు త్రివిక్రమంగారు పకోడీ కొరుకుతూ. "అందుబాటు టికెట్లు నూటికి నూరు శాతము అమ్మకము. వచ్చే సంవత్సరము పన్నెండుకు కుదించి అర్ధరూపాయి చేయవలెను."

"లోపల చూసేవాళ్ళు ఒక్కరూ లేరండి" అన్నాడు భుజంగరావు.

"చూచువారు లేకపోవుట ఆటకు సంబంధించిన అంశము. టికెట్టు అమ్ముడుపోవుట పరిపాలనకు సంబంధించిన అంశము. రెంటినీ కలుపరాదు."

భుజంగరావు గేటు దగ్గరికి తిరిగి వచ్చాడు. సూరన్న కర్ర మళ్ళీ అడ్డం వచ్చింది.

"పాసు ఇందాకే చూపించాను కదా."

"చూపించేరండి. సింపేనండి. ఒక్కసారికే సెల్లుద్దని రాసేరండి తవరు. తొమ్మిదో నంబరు." సూరన్న గొంతులో వెటకారం లేదు. పాపం, వారం రోజులు కూర్చుని బట్టీ పట్టాడు. "టికెట్టు కొనుక్కుంటే ఎల్లొచ్చండి. ఒక్క రూపాయేనంట."

టికెట్లు అయిపోయాయి. భుజంగరావు గేటు ఊచలు పట్టుకుని నిలబడ్డాడు. అక్కణ్ణించి కనబడేది షామియానా వెనక భాగం మాత్రమే. లోపల బంతి చప్పుడు, బూట్ల కీచులు, ఎవరో పిల్ల అరుపు. ఏం జరుగుతోందో తెలియదు. ఇంటికెళ్ళి శేషుకుమారికి ఏం చెప్పాలి? పధ్నాలుగు నిబంధనలు చదివి వినిపించాలా? కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అక్కడే, సూరన్న ముందే, తుడుచుకున్నాడు.

"బాబుగారూ, ఇటొచ్చెయ్యండి" అని గోడవార నుంచి పిలుపు. గంగారత్నం ఇడ్లీబండిని ప్రహరీ గోడకి ఆనించి, దాని మీదెక్కి నిలబడి ఉంది. పక్కనే పెద్ద గంగాళం బోర్లించి ఉంది. "దీని మీదెక్కండి. గట్టిదేనండి, భయం లేదు."

కామర్స్ లెక్చరర్, యాభై మూడేళ్ళవాడు, అతి విశేష గౌరవ ఆహ్వానితుడు, చెప్పులు విప్పి గంగాళం ఎక్కాడు. గోడ మీద మోచేతులు ఆన్చాడు. కోర్టంతా కళ్ళ ముందు పరుచుకుంది. ఖాళీ సోఫాలు, ఖాళీ మెట్లు, ఆడే పిల్లలు.

"ఎంతండీ? ఎవరు ముందున్నారు?"

"ఆళ్ళు ముప్పై ఆరు, మనోళ్ళు ముప్పై మూడు. ఇదే ఆకరి పావు ఆటండి. ఆ గుంజని సూసేరా? మనమ్మాయి దాని సుట్టూరా తిప్పి తిప్పి సంపేత్తంది ఆళ్ళని. అదిగో, ఇప్పుడు కుడేపుకి ఎల్తున్నట్టు కనబడతాది. ఎల్లదండి. సూడండి."

ఉత్పల కుడివైపుకి దూకింది. ఎదుటి పిల్ల అటే దూకింది. గుంజ అడ్డొచ్చి ఆ పిల్ల ఆగింది. ఉత్పల అప్పటికే ఎడమకి తిరిగి, గాల్లోకి లేచి, ఎడం చేత్తో బంతిని మెత్తగా వదిలింది. బుట్టలో పడింది. భుజంగరావు ఏదో అరిచాడు. ఏమని అరిచాడో ఆయనకే తెలియదు. ఇంట్లో పిలుచుకునే ముద్దుపేరేమో. కోర్టులో ఏడో నంబరు ఒక్క క్షణం తలెత్తి గోడ కేసి చూసి, మళ్ళీ పరిగెత్తింది.

మిగిలిన ఏడు నిమిషాలూ ఆయన గంగాళం మీద నిలబడే చూశాడు. గంగారత్నం ఎప్పుడు చప్పట్లు కొడితే అప్పుడు కొట్టాడు, ఎప్పుడు తిడితే అప్పుడు తిట్టాడు. నలభై రెండు, నలభై ఒకటి. గెలిచారు. గంగాళం దిగేటప్పుడు గంగారత్నం చెయ్యి పట్టుకుని దించాల్సి వచ్చింది.

ఇంటికి నడిచి వెళుతుంటే ఉత్పల కప్పు చంకలో పెట్టుకుని పక్కనే నడుస్తోంది.

"సోఫాలో కనబడలేదేం నాన్నా?"

"గోడ మీదున్నానమ్మా."

"ఆ అరిచింది నువ్వేనా?" అని నవ్వింది. ఆ నవ్వు చూడగానే భుజంగరావుకి ప్రాణం లేచొచ్చింది. మధ్యాహ్నం జేబు దగ్గర ఆగిన చెయ్యి గురించి అడుగుతుందేమో అని భయపడుతున్నాడు. ఆ పిల్ల అడగలేదు.

"ఎంత బాగా ఆడావమ్మా. ఆ ఎడం చెయ్యేమిటి, అసలు? అన్నం తినేదీ, రాసేదీ అన్నీ కుడి చేత్తోనే కదా. అది ఎప్పుడు నేర్చుకున్నావు?"

ఉత్పల వింతగా చూసింది. "ఫస్టియర్‌లో కుడి మణికట్టు విరిగింది కదా నాన్నా, నువ్వే తీసుకెళ్ళి కట్టు వేయించావు. ఆ ఆరు వారాలూ ఖాళీగా కూర్చోలేక ఎడం చేత్తో మొదలుపెట్టాను. కోర్టు మగపిల్లలకిచ్చేశారని మీ డిపార్ట్‌మెంటు గోడకే కొట్టుకునేదాన్ని. రోజూ సాయంత్రం, నీ కిటికీ కిందే."

భుజంగరావుకి ఆ చప్పుడు గుర్తొచ్చింది. బాగా గుర్తొచ్చింది. పేపర్లు దిద్దుకోనివ్వకుండా ఎవరో గోడకేసి బంతి కొడుతున్నారని విసుక్కుని, ఆ ఆరు వారాలూ ఆయన కిటికీ మూసుకుని కూర్చున్నాడు.